సముద్రపు గాలి లాభనష్టాలు

మా ఊళ్లో దుమ్ము లేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు. సిమెంటు కర్మాగారం గేటు దగ్గర నిలువెత్తు బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డును రోజూ పొద్దున్నే ఒక మనిషి నిచ్చెన వేసుకుని తుడుస్తాడు. తుడవకపోతే మధ్యాహ్నానికి అక్షరాలు కనిపించవు.

దుమ్ము లేని ఊళ్లో దుమ్ము నివారణాధికారి ఎందుకని మీలాంటి తెలివైనవాళ్లు అడగవచ్చు. ఆయన ఉండబట్టే అది లేదు. ఆయన మా పక్కింటాయన. నెమ్మదస్తుడు. భార్య అంటే ప్రాణం. లాభనష్టాలు చూసుకోనిదే ఏ పనీ చెయ్యడు. గొడుగు తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచిస్తూ వాన వెలిసేదాకా గుమ్మంలో నిలబడిపోయే రకం. ఊరి మీద రాలే తెల్లటి పొడికి 'తేలియాడే ఖనిజ సంపద' అని పేరు పెట్టి పతకం అందుకున్నది ఆయనే. దుమ్మెత్తిపోయడం, కళ్లలో దుమ్ము కొట్టడం లాంటి మాటలు బడిలో నేర్పకూడదని పెద్దపంతులుగారిని ఒప్పించిందీ ఆయనే. అప్పట్నుంచి మా ఊరి పిల్లలు పోట్లాట వస్తే ఒకరినొకరు ఉత్తినే ఎత్తిపోసుకుంటున్నారు.

ఇటువంటి మనిషి ఇంట్లో దగ్గు పుట్టింది. ఆయన భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని ఊరందరికీ బట్టలు కుడుతుంది. అందరూ ఆవిడను టైలరమ్మ అంటారు. నాలుగు కుట్లు వెయ్యడం, దగ్గడం, దారం తెగడం, మళ్లీ ఎక్కించుకోవడం, ఇదీ వరస. కొన్నాళ్లకు దారం ఎక్కించే ఓపిక కూడా లేకపోయింది. మొగుడు భయపడి కర్మాగారం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరు ఛాతీ పరీక్ష చేసి, జబ్బుకు కారణం రాయడానికి పెన్ను తీసి, ఎదురుగా కూర్చున్న అధికారి మొహం చూసి మూత పెట్టేశాడు.

"గాలి మార్పు కావాలమ్మా. సముద్రం ఒడ్డున ఏదైనా ఊరికి వెళ్లి ఉంటే మంచిది," అన్నాడు.

"ఇక్కడి గాలికేమైంది డాక్టరుగారూ?" అన్నాడు అధికారి, ఉద్యోగ ధర్మంగా.

"అబ్బే, ఇక్కడి గాలి బ్రహ్మాండం. మరీ బలమైన గాలి. ఆవిడకు అరగడం లేదు, అంతే."

ఇంత స్పష్టంగా చెప్పాక వేరేవాడైతే పెట్టె సర్దేవాడు. మావాడు విజ్ఞుడు. సముద్రం ఒడ్డుకు మకాం మార్చడంలోని లాభనష్టాలు తేల్చడానికి ఒక సంఘం వేశాడు. ఆయన అక్కగారు, ఇళ్ల బ్రోకరు పని చేసే బావమరిది, పెద్దపంతులుగారు, పక్కింటివాణ్ని కాబట్టి నేను. ఆదివారం ఆదివారం ఆయన ముందుగదిలో కుర్చీలు దులుపుకుని కూర్చునేవాళ్లం. నియమం ఒక్కటే, దగ్గు మాట ఎత్తకూడదు. ఎత్తితే అది ఎందుకొచ్చిందో కూడా ఎత్తాల్సి వస్తుంది.

నష్టాలతో మొదలుపెట్టాం. ఉప్పుగాలికి ఇనప బీరువా తుప్పు పడుతుందని అక్కగారు అన్నారు. ఆ ఇంట్లో ఉన్నది చెక్క బీరువా. రేపు ఇనపది కొనుక్కుంటే ఏం చేస్తారని ఆవిడ నిలదీస్తే దాన్నీ నష్టాల్లో రాసుకున్నాం. సముద్రం ఏటేటా ముందుకొస్తోందని, ఇల్లు కొన్నవాడు ఇంకో తరానికి చేపలకు అద్దెకివ్వాల్సిందేనని బావమరిది అన్నాడు. తరవాత పెద్దపంతులుగారు లేచి ఉపన్యాసమిచ్చారు.

"అలలకు క్రమశిక్షణ లేదు! వచ్చినవే వస్తాయి, పోయినవే పోతాయి. అటువంటి దృశ్యం నిత్యం చూసే పిల్లలు ఎలా బాగుపడతారు?"

ఆ దంపతులకు పిల్లలు లేరు. అయినా చప్పట్లు కొట్టాం. లోపలి గదిలో టైలరమ్మ దగ్గు మొదలైనప్పుడల్లా మర్యాదగా ఆగి, అది తగ్గాక మళ్లీ ఆమె మేలు గురించి మాట్లాడుకునేవాళ్లం.

చూడకుండా తేల్చడం అన్యాయమని, మంచి రోజులు చూసుకుని అందరం సముద్రం ఒడ్డు ఊరికి పరిశీలనకు వెళ్లాం. టైలరమ్మను తీసుకెళ్లలేదు. ప్రయాణం ఆవిడ దగ్గుకు మంచిది కాదు.

అక్కడ తెల్లవారి లేచేసరికి మాలో ఎవరికీ దగ్గు రాలేదు. పెద్దపంతులుగారు కంగారుపడ్డారు. "లేవగానే దగ్గకపోతే నాకు తెల్లారినట్టే ఉండదయ్యా," అంటూ మందుల దుకాణానికి వెళ్లి దగ్గు తెప్పించే మందు అడిగారు. దుకాణదారు తలుపు సగం వేసుకున్నాడు. ఇంట్లో మేడమెట్లకే ఆయాసపడే బావమరిది దీపస్తంభం మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేసి, పైన నిలబడి బిత్తరపోయాడు. "బావా, ఊపిరి దానంతటదే ఆడేస్తోంది. మన చేతుల్లో లేదు. ఇది నష్టం కిందే వేసుకో," అన్నాడు. వేసుకున్నాం. తిరిగొచ్చే దారిలో మా ఊరి పొలిమేర దాటగానే అందరికీ హాయిగా దగ్గొచ్చింది.

ఆ ఆదివారం నివేదిక సగంలో ఉండగా టైలరమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, రేపు పొద్దున బస్సుకు నేను వెళ్తున్నాను. నా చిన్ననాటి స్నేహితురాలు అక్కడ కుట్టు దుకాణం నడుపుతోంది. మిషనుతో సహా రమ్మంది."

"అదేంటే! ఇంకా నష్టాలు సగం కూడా కాలేదు!"

"మీరు కానివ్వండి. లాభాలు నేనక్కడ చూసుకుంటాను."

"అక్కా, బావ పరువు ఆలోచించవా?" అన్నాడు బావమరిది.

"నలుగురూ ఏమనుకుంటారే?" అన్నాడు మొగుడు.

"ఏమనుకున్నా దగ్గుతూనే కదండీ అనుకునేది," అందావిడ.

మర్నాడు మిషను బస్సు మీదకు ఎక్కించింది ఆయనే. తాడు కట్టి, విప్పి, మళ్లీ గట్టిగా కట్టాడు. కిటికీ ఊచ మీద ఆవిడ చెయ్యి ఉంటే దాని మీద తన చెయ్యి వేసి, బస్సు కదిలినా కాసేపు తియ్యలేదు. తరవాత కళ్లు తుడుచుకున్నాడు. కళ్లలో ఏదో పడిందన్నాడు. ఏం పడిందో ఆ హోదాలో ఉన్నవాడు చెప్పలేడు.

వారం తిరక్కుండా కర్మాగారం మేనేజరు నుంచి పిలుపొచ్చింది.

"మీ ఆవిడ ఊరు విడిచిందట. ఎందుకు?"

"గాలి..." అన్నాడు మావాడు.

"ఏ గాలి?"

మావాడు నేల చూశాడు.

"చూడవయ్యా," అన్నాడు మేనేజరు ఎంతో దయగా, "మన ఊళ్లో ఆడమనిషి ఇల్లు విడిచిందంటే కారణాలు రెండే. ఒకటి మొగుడు, రెండోది కర్మాగారం. ఏదో నువ్వే తేల్చు."

లాభనష్టాలు చూడకుండా ఆయన జీవితంలో తీసుకున్న నిర్ణయం అదొక్కటే. "మొగుడేనండీ," అన్నాడు.

ఊరు ఊపిరి పీల్చుకుంది, పీల్చుకోగలిగినంత. కాపురంలో గొడవట అనగానే సాక్ష్యం అడిగినవాడు లేడు. రుజువు కావాలన్నవాడు లేడు. కాకపోతే మొగుడు తప్పు తనదని ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోలేదు. అంత మంచివాణ్ని విడిచిపోయిందంటే పొగరే అన్నారు. ఈ సంగతి పెళ్లినాడే కనిపెట్టానని అక్కగారు అన్నారు. ఆవిడ చేత బట్టలు కుట్టించుకున్నవాళ్లంతా అప్పటిదాకా బాగున్న కుట్లు వంకరగా ఉన్నాయని గుర్తించారు.

అయితే తెలివైనవాళ్లు ఒక సూక్ష్మం పట్టేశారు. దగ్గొచ్చి వెళ్తే ఊరి ద్రోహం, గొడవపడి వెళ్తే ఇంటి గుట్టు. ముందుగా, చిలకాగోరింకల్లా ఉండే వెల్డరూ అతని భార్యా సంతలో నడిమధ్యన, కూర ఎవరు మాడ్చారన్న విషయం మీద గొంతులు చించుకున్నారు. ఆవిడ ఉబ్బసం ఉన్న పసిదాన్ని చంకనేసుకుని సాయంత్రం బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. తరవాత ఒక ముసలాయన కోడలితో, ఒక అత్త అల్లుడితో చెడి బస్సెక్కారు. గొడవ చేతకాని మెతకవాళ్లకు బావమరిది తిట్లు నేర్పి, పోట్లాడుకున్నవారికి అనువైన గదులు సముద్రం ఒడ్డున తనే కుదిర్చిపెట్టాడు. సముద్రం ముందుకొస్తోందన్న మాట మళ్లీ ఎత్తలేదు.

కర్మాగారం వారు ఊరుకుంటారా? ప్రజల సంసారాలు చెడిపోతున్నాయని చలించిపోయారు. వార్షిక సభలో మేనేజరు, "మన గాలి స్వచ్ఛం, మన నీరు స్వచ్ఛం, మన మనసులే కలుషితం!" అన్నాడు. దుమ్ము మీద ఫిర్యాదు చెయ్యగలవాళ్లంతా వెళ్లిపోయారు కాబట్టి దుమ్ము నివారణ విభాగం ఎత్తేసి, దాంపత్య సామరస్య విభాగం పెట్టారు. కాపురం చెడిన అనుభవం ఉన్న కారణంగా మావాణ్నే దానికి అధిపతిని చేసి పెద్ద గది ఇచ్చారు.

మొదటి పనిగా ఆయన తన భార్యతో రాజీకి వెళ్లాడు. దుకాణంలో మిషను ఆగకుండా నడుస్తోందట. ఆవిడ కూనిరాగం తీస్తూ కుడుతోందట. మనిషి ఒళ్లు చేసిందట. కిటికీ పక్కన కుర్చీ వేసి, "ఉండిపోండి," అందట.

"ఆలోచించాలి," అని వచ్చేశాడు. రాజీ విఫలమైందని పైవాళ్లకు చెప్పాడు. అప్పట్నుంచి నెలనెలా వెళ్తున్నాడు. కర్మాగారం ఖర్చు మీద నాలుగు రోజులుండి, రంగు తేలి, నవ్వాపుకుంటూ వచ్చి, మళ్లీ విఫలమైందంటున్నాడు. ఇంత పట్టుదలగా విఫలమయ్యే అధికారిని నేను చూడలేదు.

ఈలోగా పెద్దపంతులుగారు పోయారు. వయసు మీదపడిందన్నాడు డాక్టరు. ఆయనకు యాభై నిండలేదు. బడి ఆవరణలో సంతాప సభ పెట్టి మౌనం పాటించడానికి అందరం లేచి నిలబడ్డాం. నిలబడ్డాంగానీ మౌనం కుదరలేదు. ఒకరి దగ్గు ఆగితే ఇంకొకరిది. చివరికి దాన్నే మౌనంగా భావించి కూర్చోవలసిందిగా మేనేజరు కోరాడు.

సభ నుంచి వస్తూ మా ఆవిడ నడిరోడ్డు మీద ఆగింది. మా పెళ్లయినప్పట్నుంచి మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు. ఊళ్లో ఏ కొత్తజంట కనిపించినా మమ్మల్నే చూపించి నేర్చుకోమంటారు. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, కాసేపటికి ఊపిరి కూడదీసుకుని మెల్లగా అడిగింది.

"ఏమండీ, మనం ఎప్పుడు పోట్లాడుకుందాం?"

ఎవరైనా విన్నారేమోనని నేను అటూ ఇటూ చూశాను. ఆదర్శ దంపతులన్న పేరు ఒక్క రోజులో వచ్చింది కాదు. అలాంటి పేరును నలుగురి ముందు ఊపిరి కోసం పారేసుకోవచ్చునా? మీరే చెప్పండి. తొందరేం లేదు, పెద్దవాళ్లను అడిగి, నలుగురూ ఏమనుకుంటారో కనుక్కుని, నిదానంగానే చెప్పండి. మీ ఊళ్లో మీకూ మంచి పేరే ఉండి ఉంటుంది.