పడవకి నీళ్ళెందుకు?

పడవ నీళ్ళలో తిరగాలన్నది శుద్ధ అపోహ. తెరచాప పడవ తిరగవలసింది రోడ్డు మీద, ట్రైలర్ ఎక్కి, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. కాదనేవాళ్ళు ఒక ఆదివారం మా వెనకాల కారులో రండి!

ఓడలు బళ్ళవుతాయని పెద్దలు ఊరికే అన్నారా? మా అన్నయ్య రిటైరైన మర్నాడే ఇరవై రెండడుగుల పడవ కొన్నాడు. ఆ ఓడ బండెక్కి రెండేళ్ళయింది. ఇన్నాళ్ళలో ఒక్కసారే దిగింది, దాని సంగతి తరవాత చెబుతాను.

ముందు మా ప్రజాసేవ చూడండి. మా వెనకాల ఇరుక్కున్న స్కూలు వ్యానులో పిల్లలు పదిహేడో ఎక్కం దాకా వచ్చేశారు. విడాకులకి బయల్దేరిన ఓ జంట, మేం మలుపు తిరిగేలోగా రాజీపడి, పుట్టబోయే పిల్లలకి పేర్లు కూడా ఖాయం చేసుకున్నారు. ఒకసారి పడవ ముక్కు తగిలి కేబుల్ వైరు తెగితే, వీధి వీధంతా టీవీలు ఆగిపోయి, జనం ఎదురింటివాళ్ళ మొహాలు మొదటిసారి చూశారు. ఏ సంఘసంస్కర్త చేయగలిగాడండీ ఈ పని?

ఇక రివర్స్. ట్రైలర్‌ని వెనక్కి నడపడం ఒక విద్య. స్టీరింగ్ ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది, ఎడ్డెమంటే తెడ్డెమనే రకం. వెనకాల ఒక మనిషి నిలబడి అరవకపోతే పడవ పక్కింటి వంటగదిలో లంగరేస్తుంది. ఆ మనిషిని నేనే.

ఇక్కడో ఇంటిగుట్టు. మేనకోడలి పెళ్ళిలో ఎవరి మాట నెగ్గాలన్న దాని మీద అన్నయ్యకీ నాకూ మాటలు పోయి అప్పటికి ఆరేళ్ళు. పడవ కొన్న వారం వదిన ఫోన్ చేసింది.

"గేటు దగ్గర పొద్దుట్నించీ ముందుకీ వెనక్కీ ఊగుతున్నారు. ఆయన పిలవరు. నువ్వే ఒకసారి వచ్చిపోవయ్యా."

వెళ్ళాను. ట్రైలర్ వెనకాల నుంచున్నాను. అన్నయ్య అద్దంలోంచి నన్ను చూసి, ఆరేళ్ళ తరవాత నాతో మొదటి మాట అన్నాడు.

"కుడికా?"

"ఇంకొంచెం. ఆపు. ఆపమన్నానా!"

మా అన్నయ్యని గదమాయించడం నా జన్మలో అదే మొదలు. అప్పట్నించీ ప్రతి ఆదివారం మాటలే మాటలు. గేటు దగ్గర, పెట్రోలు బంకులో, మలుపు మలుపులో, రేవులో. ఇద్దరన్నదమ్ములు మాట్లాడుకోవడానికి టన్నున్నర బరువు మధ్యలో ఉండాలా అని మీరడగొచ్చు. మా వంశంలో ఉండాలి.

పడవ దిగిన రోజు సంగతి చెబుతానన్నాను కదా. గాలి బాగుంది, తెరచాప నిండుగా పొంగింది. నీళ్ళ మీద రివర్స్ లేదు. అన్నయ్య చుక్కాని పట్టుకున్నాడు, నేను తాడు పట్టుకున్నాను. నలభై నిమిషాలు ఒక్క మాట లేదు. అంత చక్కటి ఎండలో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తరవాత ఒక చిక్కొచ్చి పడింది. పడవ అడుగున, లోపల చేరిన నీళ్ళు వదలడానికి ఒక కన్నం, దానికి బొటనవేలంత బిరడా ఉంటాయి. బిరడా లేకుండా దింపితే పడవ మునుగుతుంది. ప్రతి ఆదివారం రేవు దాకా వచ్చాక అది కనిపించదు. వదిన కొత్తది కొంటుంది, అదీ మాయం. నా జేబులో ఉన్నది ఎలా కనిపిస్తుంది చెప్పండి?

మొన్న రేవులో పానా కోసం అన్నయ్య సామాన్ల పెట్టె తెరిచాను. అడుగున, పాత గుడ్డలో చుట్టి, రెండు బిరడాలు. నేను దాచింది నా జేబులోనే ఉంది, తడిమి చూసుకున్నాను.

పెట్టె మూసేశాను.

"బిరడా కనిపించిందేంట్రా?" అన్నాడు అన్నయ్య, నావైపు చూడకుండా.

"లేదన్నయ్యా."

"సరే అయితే, ఇంటికి పోదాం. బండి తిప్పాలి, వెనక్కెళ్ళి నుంచో."