సార్ ప్లస్

ఆ పొద్దున జ్ఞానమణి పెట్టుకున్న పని ఒక్కటే. మాగాయ ముక్కలు డాబా మీద ఎండబెట్టి, కాకులు వాలకుండా కాపలా కాయడం. కోడలు రూత్ గంపలగూడెంలోని పుట్టింటికి వెళ్లింది. కొడుకు ఏబెల్ మాస్టారు స్నానంలో ఉండగా అతని ఫోను మోగింది. జ్ఞానమణి ఉప్పు చేత్తోనే ఎత్తింది. పేట బడి హెడ్మాస్టరమ్మ నాగేంద్రమ్మగారు.

"అమ్మా, ఏబెల్ గారు సర్‌ప్లస్ అయ్యారండి. కాస్త మెల్లగా చెప్పండి, కంగారుపడతారేమో."

"మావాడు సార్ ప్లస్సా? దేవుడికి స్తోత్రం! కంగారెందుకమ్మా, మీ నోట్లో పంచదార పొయ్య!"

అవతల నాగేంద్రమ్మగారు ఇంకేదో చెప్పబోతుండగానే ఫోను పెట్టేసింది.

జ్ఞానమణి లెక్కలో తప్పేమీ లేదు. ప్రైవేటు స్కూల్లో చదివే మనవరాలు హన్నా ఏ ప్లస్ తెచ్చుకున్నప్పుడు, ఉత్త ఏ కంటే అదే గొప్పని ఇంట్లోవాళ్లే చెప్పారు. ఆ ప్రకారం ఉత్త సారు కంటే సార్ ప్లస్ గొప్పవాడు కావాలి కదా! పిల్లలు తగ్గిపోయి బడిలో అవసరానికి మించి మిగిలిన మాస్టర్ని సర్‌ప్లస్ అంటారనీ, అలాంటివాణ్ణి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపేస్తారనీ ఆమెకెవరూ చెప్పలేదు. పత్తి చేలల్లో నడుం వంచి చదివించిన కొడుకు ఊరూరూ తిరిగి ఈమధ్యే సొంత పేటకి వచ్చాడు. వాడు కళ్లముందు ఉండడం కంటే ఆమెకు కావలసింది ఇంకేమీ లేదు.

సాయంత్రం కొడుకుని ఆశ్చర్యపరచాలని, ఆ కబురు అతనికి తప్ప అందరికీ చెప్పింది.

"సార్ ప్లస్ అంటే జీతం పెరుగుతుందా అక్కా?" అన్నాడు పక్కింటి వెంకటప్పయ్య.

"ప్లస్ అంటే కూడిక కదయ్యా! కూడుతూనే పోతారు."

మధ్యాహ్నానికి పేటలో ఏబెల్ హెడ్మాస్టరయ్యాడు. ఎండ వాలేసరికి మండలానికే పెద్ద సారయ్యాడు. ఫ్లెక్సీల కొట్టున్న మేనల్లుడు ప్రేమ్ కిరణ్, 'సార్ నుండి సార్ ప్లస్‌గా ఎదిగిన మా బావగారికి శుభాకాంక్షలు' అని నిలువెత్తు బొమ్మ వేసి ఇంటిముందు కట్టాడు. గుండిగ నిండా చికెన్ బిర్యానీ ఉడికింది.

బడిలో సంగతి తెలుసుకున్న ఏబెల్ మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. వచ్చీరాగానే మెడలో దండ పడింది. చప్పట్లు మోగాయి. ఫ్లెక్సీ చదివి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏం చేశావమ్మా ఇది? సర్‌ప్లస్ అంటే మిగిలిపోయినోడని! పిల్లల్లేరు, నేనెక్కువయ్యాను. నన్ను పంపించేస్తారు."

ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లు నమలడం మానేశారు. జ్ఞానమణికి ముందు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది.

"మిగిలింది నువ్వు కాదురా, తక్కువైంది పిల్లలు!" అని లేచి వెళ్లి గేటుకి అడ్డంగా నిలబడింది. "నా కొడుకు పేరు మీద బిర్యానీ తిన్నారు. మీ పిల్లల్ని వాడి బళ్లో వేస్తామని చెప్పి కదలండి!"

వెంకటప్పయ్య మూతి తుడుచుకున్నాడు. "బాగానే ఉందక్కా. మరి మీ హన్నా ఎక్కేది ప్రైవేటు స్కూలు పసుపు బస్సే కదా?"

జ్ఞానమణి గేటు వదిలి కొడుకు వైపు చూసింది. ఇన్నాళ్లూ ఈ ప్రశ్న ఎవరు అడుగుతారోనని భయపడుతూ బతికిన ఏబెల్ నెమ్మదిగా లేచాడు.

"నిజమేనండి. తప్పు నాదే. రేపట్నుంచి హన్నా నా బళ్లోనే కూర్చుంటుంది. మా ఆవిడ సంగతి నేను చూసుకుంటాను."

"అంత ధైర్యం చేశారా మాస్టారూ!" అన్నాడు వెంకటప్పయ్య. "అయితే మా మనవడూ రేపే వస్తాడు."

"మా పిల్లలిద్దరూ!" అని ఇంకెవరో అరిచారు. ఓదార్చడానికి వచ్చిన నాగేంద్రమ్మగారు బిర్యానీ పళ్లెం పక్కనపెట్టి, అక్కడికక్కడే పేర్లు రాసుకున్నారు.

వారం తిరక్కుండా పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఏబెల్‌ని కదపరు. పైగా పిల్లలు ఎక్కువయ్యారు కాబట్టి ఇంకో మాస్టర్ని పంపిస్తున్నారు.

జ్ఞానమణి నడుం మీద చేతులు పెట్టుకుని పేటంతా వినేలా అంది: "చెప్పానా! ఒక సారు, ప్లస్ ఇంకో సారు!"

అంతమంది పిల్లలతో ఏబెల్ మాత్రం ఆ ఏడాదంతా బడికే సరిపోయాడు, ఇంటికి మిగల్లేదు.