బూటును జయించిన బైరాగి

పేరులో తప్ప మరెక్కడా చల్లదనము లేని సౌమ్యనామ సంవత్సర వైశాఖమున, ప్రచండ మార్తాండుడు పలాస రైలుపట్టాలను పెనముగా జేసి సకల జీవులను వేపుచున్న మిట్టమధ్యాహ్నవేళ, ఉద్దాన నారికేళవన సంచారి, బొడ్డమ్మ ఏకైక పుత్రరత్నము, బైరాగి యను మహావీరుడు తెల్లదొర కొబ్బరిపీచు కంపెనీ అరుగుపై ఉద్యోగ పరీక్షకై నిలిచెను.

గెలిచినచో కాటా గుమాస్తా కొలువు. ఓడినచో బారువ రేవులో లంగరు వేసియున్న, ఊరివారు రంగమని పిలుచు రంగూనుకు పోవు ఓడ. మొదటిది లాభము, రెండవది తల్లికి పూడ్చరాని నష్టము. ఈ బేరమునందు మూడవ దారి లేదు.

“బూట్లు లేనివారికి దొరదర్శనము లేదు” అని కంపెనీ శాసనము. అందుచే వీరుడు రైలు స్టేషనులో పనిచేయు బావ రామూర్తి బూట్లను ఎరవు తెచ్చి, చేవ్రాత యను ప్రథమ ద్వారమును దాటి, హెడ్డుగుమాస్తా జనార్దనరావు అను ద్వారపాలక సింహము నెదుర్కొనెను.

“మా కంపెనీలోనే ఎందుకు చేరాలనుకుంటున్నావు?”

“కూటి కోసమండి.”

“తప్పు! కంపెనీ అభివృద్ధే నా జీవితాశయం అనాలి. సరే, నీలో ఉన్న లోపం ఏమిటి?”

“ఆకలెక్కువండి బాబూ.”

“మళ్లీ తప్పు! ఒళ్లు మరచి పనిచేయడమే నా లోపం అనాలి.”

ఆ రెండు అబద్ధములను బైరాగి పొల్లుపోక వల్లించగా, అతని నిజాయితీకి మెచ్చి జనార్దనరావు దొరగది వైపు వేలు చూపెను.

ఘోరము అచ్చటనే జరిగెను. ఉద్దానమున ఎవరి గడప తొక్కవలసినను కాలిజోడు విడిచి తొక్కుట ఆచారము. గడప కనబడినంతనే వీరుని పాదములు, వీరుని అనుమతి కోరకయే, బూట్లను విడిచి గోడవారకు నెట్టెను.

“ఉత్తకాళ్లతో దొర ముందుకా!” అని జనార్దనరావు గర్జించెను. “దొరగారి పిలుపుగంట మోగేలోపు తొడుక్కో. లేకుంటే ఇంటికి పో.”

యుద్ధము మొదలయ్యెను. ఎడమ బూటు సంధికి ఒప్పుకొనెను. కుడి బూటు మాత్రము, మేకుల కోరలతో, చర్మకవచ గర్వముతో, కొబ్బరిమానులెక్కి వెడల్పై, పొద్దుట ఎట్లో దూరినను ఇప్పుడు ఎండకు ఉబ్బిన ఆ పాదమును మడమకడ నిలువరించెను. తన బూట్లకు కాపలాగా వెంటవచ్చి అరుగు కింద నిలిచిన రామూర్తి పరుగున వచ్చి వెనుకనుండి తోయసాగెను.

“తొయ్యి బావా! కాలా ఇది, కొబ్బరి మట్టా?” అని రామూర్తి నవ్వెను.

“నాను సచ్చిపోతంటే నవ్వుతన్నావేటి బావా? నీ కాలే కోడికాలు!”

అరుగు కింద కూర్చున్న బొడ్డమ్మ లేచి వచ్చెను. “ఎలాగోలాగ దూర్చీరా నాయినా! నువ్వు రంగం ఎల్లిపోతే నానెవుల్ని సూసి బతకాల?” అనుచు, మూటలోని కొబ్బరినూనె సీసా తీసి బూటులో కుమ్మరించెను.

అంతట వీరుడు కన్నులెర్రజేసి, “ఓరి బూటూ! సముద్రం దాటడానికి సిద్దపడ్డోడ్ని, నిన్ను దాటలేనేటి? సూడు నా దెబ్బ!” అని నేలను తన్నెను. భూమి దద్దరిల్లెను. గంట మోగెను. బూటు కుయ్యిమని మూలిగి లొంగెను.

తైలస్నాత పాదముతో జారుచు, లోపలికి నడచుటకు బదులు ప్రవహించిన వీరుని దొర చూడలేదు. కాగితముల నుండి తల ఎత్తలేదు. ఎత్తినను, బల్ల అడ్డు. బొడ్డు కింద వీరుడు దొరకు కనబడడు. దొర ఇంగ్లీషులో ఏదో గొణగగా జనార్దనరావు తెనిగించెను.

“పొద్దంతా నిలబడగలవా అంటున్నారు.”

“నిలబడతానండి.”

“రేపటినుంచి రా. ఒకమాట గుర్తుంచుకో. బూటు మేకులు రాపాడితే నిప్పురవ్వ లేస్తుంది, పీచు అంటుకుంటుంది. కాటాకొట్టులో ఉత్తకాళ్లతోనే ఉండాలి. అది కంపెనీ నియమం.”

వీరుడు వెలుపలికి రాగానే తల్లి చేయి పట్టుకొనెను. “ఏటయ్యిందిరా?”

“కొలువిచ్చీసారమ్మా. ఓడెక్కక్కర్లేదు.”

బొడ్డమ్మ కన్నీరు తుడుచుకొనుచుండగా రామూర్తి నేలపై చతికిలబడి, “ముందు నా బూట్లు ఇప్పు బావా, డూటీకెల్లాల” అని ఆ కాలిని ఒడిలోకి లాగుకొనెను.

లోకులారా, వినుడు! పూర్వవీరులు రాజ్యములు గెలిచిరి, గెలిచినవి పోగొట్టుకొనిరి. మా బైరాగి బూటు తొడిగి, బూటు తొడగనక్కరలేని హక్కును సాధించెను. జయము, జయము!