ఉసిరి డ్రమ్ము కింద పర్వతారోహణ

పోలమ్మ కొండ ఎక్కలేదు. దీనికి బాధ్యులు ఏనుగులు కాదు, అటవీశాఖ కాదు, ఆమె మోకాళ్లు అంతకన్నా కాదు. బాధ్యులు మీరే, జంషెడ్‌పూర్ ఉత్తరాంధ్ర ఐక్య వనభోజన సంఘం కార్యవర్గ సభ్యులారా! అధ్యక్షులు దుర్గాప్రసాద్ గారు మొదలుకొని ఆ రోజు మైకు పట్టుకున్న ప్రతి చెయ్యీ ఇందులో ఉంది. కార్యక్రమం దిగ్విజయమని మీ నివేదికలో రాసుకున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పక తప్పదు.

పోలమ్మది భాలుబాసా బస్తీ. పాతికేళ్లుగా కాంట్రాక్టరు కింద కాలనీ రోడ్లు ఊడుస్తోంది. పొద్దున్నే చీపురు ఆపి నడుం ఎత్తితే, ఇళ్ల కప్పుల మీదుగా హాతీబురు కొండ నీలంగా కనిపిస్తుంది. అది జాతీయ వనమని, పైన ఒక నల్లరాయి ఉందని, దాని మీద నిలబడితే ఊరూ నదీ పొగగొట్టాలూ తను ఊడ్చిన రోడ్లూ అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయని వింది. సెలవు దొరికితే జ్వరం, జ్వరం తగ్గితే డ్యూటీ. అలా పాతికేళ్లు. ఇప్పుడు డాక్టరు రెండు మోకాళ్లకూ ఆపరేషనుకు తేదీ ఇచ్చాడు. ఆ తర్వాత ఇంట్లో నడవొచ్చు, బజారుకు వెళ్లొచ్చు, కొండలూ రాళ్లూ మాత్రం మరిచిపొమ్మన్నాడు. అంటే ఆమెకు మిగిలింది ఈ కార్తీకమే. సరిగ్గా అప్పుడే సంఘం వారు ఈసారి వనభోజనాలు హాతీబురు మీదనే అని ప్రకటించారు. అందరికన్నా ముందు పేరు రాయించుకుంది పోలమ్మ.

కార్తీకంలో ఉసిరిచెట్టు కింద తింటేనే అది వనభోజనం, లేకపోతే ఉత్త భోజనం. కాబట్టి కొండ మీద ఉసిరి ఉందో లేదో తేల్చడానికి ముగ్గురు సభ్యులతో వృక్ష నిర్ధారణ ఉపసంఘం వేశారు. ఆ ముగ్గురూ రెండు ఆదివారాలు బిష్టుపూర్‌లో ఒక టిఫిను హోటల్లో కూర్చుని, వడలను అన్ని కోణాల నుంచీ పరిశీలించి, 'ఉసిరి లభ్యతకు ఆధారాలు లేవు' అని నివేదిక ఇచ్చారు. దాంతో సంఘం సొంత చెట్టునే తీసుకెళ్లాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నర్సరీ నుంచి ఛాతీ ఎత్తు ఉసిరి మొక్క తెచ్చి, ఖాళీ రంగు డ్రమ్ములో పాతి, డ్రమ్ము మీద 'మన ఉసిరి, మన ఉనికి' అని రాయించారు. దూరదృష్టి అంటే ఇదీ.

ఆరింటికి సీతారాండేరాలో కదలాల్సిన బస్సులు, చెట్టుకు దండ రాలేదని తొమ్మిదిన్నరకు కదిలాయి. ముందు బస్సులో చెట్టుకు రెండు సీట్లు కేటాయించారు. ముసలివాళ్లు కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. చెట్టు కాబట్టి మర్యాద చెయ్యాలి, మనుషులదేముంది.

హాతీబురు గేటు దగ్గర మనోజ్ అనే గార్డు బస్సు ఆపాడు.

"బాహర్ కా పౌధా అందర్ నహీఁ జాయేగా" అన్నాడు. బయటి మొక్కలు లోపలికి రానివ్వకూడదని రూలు. పెద్దలంతా చుట్టూ మూగేసరికి పాపం బెదిరిపోయి, చెయ్యి చాపి కొండ చూపించాడు. "చాచా, అందర్ తో ఆఁవ్‌లే కా జంగల్ హై! గిర్‌కే సడ్ రహా హై!"

లోపల ఉన్నదంతా ఉసిరి అడవేనట. కాయలు రాలి కుళ్లిపోతున్నాయట. ఆ రోజు వెలువడిన ప్రకటనల్లో ఇంత ప్రమాదకరమైనది మరొకటి లేదు. అది నిజమైతే నివేదిక అబద్ధం, నివేదిక అబద్ధమైతే తీర్మానం చెల్లదు. కార్యదర్శి చంద్రశేఖర్ గారు క్షణం కూడా తడుముకోలేదు.

"ఉండొచ్చు. కానీ మా తీర్మానంలో లేవు."

అక్కడికక్కడే అత్యవసర సమావేశం జరిగింది. ఇది మన సంస్కృతి మీద దాడి అని ఖండించి, నిరసనగా వనభోజనాలు గేటు బయట లారీలు ఆగే చోటనే జరపాలని నిర్ణయించారు. డ్రమ్ము దింపారు. మిట్టమధ్యాహ్నం ఆ చెట్టు నీడ ఒక తువ్వాలంత పడింది. నూట ఇరవై మందికి ఆ తువ్వాలును న్యాయంగా పంచారు. రిటైరైన పర్మినెంటు వారికి తలా మూడు నిమిషాలు, సర్వీసులో ఉన్న పర్మినెంటు వారికి ఒక నిమిషం, కాంట్రాక్టు వారికి నీడ పక్కకు జరిగాక. పోలమ్మ విస్తరి ఒక లారీ వెనక చక్రం పక్కన పడింది. పులిహోరలో ఇంగువ ఎక్కువైందన్నారు గాని, అది డీజిలు.

"బాబూ, రెండుకి గేటు మూసెత్తారంట. కొండకెప్పుడెల్తాం?" అని కార్యదర్శిని అడిగింది.

"ఇదుగో పిన్నీ, ఉపన్యాసం అయిపోగానే."

"ఏ ఉపన్యాసం?"

"మొదటిది."

అధ్యక్షులు కొండకు వీపు పెట్టి నిలబడ్డారు. "సోదర సోదరీమణులారా! ప్రకృతిమాత పిలిచింది, మనం పలికాం! కాళ్లతో ఎక్కేవాడు సామాన్యుడు! మనసుతో ఎక్కేవాడే తెలుగువాడు!" ఇలా నలభై నిమిషాలు. వెనక కాగితం ప్లేట్లు గాలికి లేచి, ఏ అడ్డూ లేకుండా గేటు దాటి వనంలోకి వెళ్లిపోయాయి. ఆ రోజు లోపలికి వెళ్లినవి అవే.

రెండుకు పావుగంట ఉందనగా పోలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. ఎవరికీ చెప్పకుండా గేటు వైపు నడిచింది. మనోజ్ చూసి, "జల్దీ ఆఓ మౌసీ, మైఁ సాథ్ చల్తా హూఁ" అని చెయ్యి కూడా చాపాడు. తొందరగా రమ్మన్నాడు, తోడు వస్తానన్నాడు. ఇంకో పది అడుగులు.

మైకు మోగింది. "శ్రీమతి పోలమ్మ గారు ఎక్కడున్నా వేదిక మీదికి రావాలి!" ఇద్దరు వలంటీర్లు పరుగున వచ్చి రెండు రెక్కలూ పట్టుకున్నారు.

"ఒలే బిందూ! వదలమనే ఈల్లని! గేటు మూసెత్తారే!"

"అరే అమ్మా, దో మినట్ రుకో నా! ఫోటో తో లే లూఁ!" అంది కూతురు బిందుప్రియ, ఫోను ఎత్తి పట్టుకుని. ఫోటో తీసేదాకా రెండు నిమిషాలు ఆగాలట.

శాలువా కప్పారు. పోయిన వారమే అచ్చు వేయించిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. 'దుర్గమమైన హాతీబురు పర్వతాన్ని అకుంఠిత దీక్షతో అధిరోహించినందుకు' అని చంద్రశేఖర్ గారు పైకి చదివారు. అలాంటివి నూట ఇరవై, తలకొకటి. ఎక్కినవారిలో అందరికన్నా పెద్ద స్త్రీ కాబట్టి మొదటిది పోలమ్మకు. ఆయన 'అధిరోహించినందుకు' దగ్గర ఉండగా వెనకాల గేటు మూతపడింది. రెండు దాటితే ఏనుగులు దారి మీదికి వస్తాయి, ఇక ఎవరినీ లోపలికి వదలరు.

పోలమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొండెక్కినట్టు కాయితం ఇచ్చినారు గదా బాబూ, మంచిదే. మోకాల్లు బాగైపోయినట్టు కూడా ఇంకోటి రాసిచ్చెయ్యండి. ఆస్పత్రికెల్లే పన్నేకపోద్ది."

సభ చప్పట్లతో మారుమోగింది. నివేదికలో ఆ మాటలు 'వందన సమర్పణ' కింద నమోదయ్యాయి.

ఆపరేషనుకు ఇంకా పదకొండు రోజులుంది. కాబట్టి ఈ ఆదివారం పొద్దున ఆరింటికి భాలుబాసాకు ఒక బండి రావాలి. మైకు వద్దు, శాలువా వద్దు, చెట్టు అసలే వద్దు. ఆమెను చెరో పక్కా పట్టుకుని నల్లరాయి దాకా నడిపించే ఇద్దరు కావాలి. ఆ ఇద్దరూ కార్యవర్గం నుంచే కావాలి. పక్కా దారి కాదు, రాళ్లదారి. కూర్చుంటే కూర్చోనివ్వండి, మోయాల్సి వస్తే మొయ్యండి.

ఇది చదివి ముసిముసిగా నవ్వుతున్న మిగతా నూట పదిహేడు మందికీ ఒక మాట. ఆ కాగితం మీ హాల్లో కూడా అద్దాల ఫ్రేములో వేలాడుతోంది గదా. చుట్టాలు అడిగితే 'అబ్బో, చాలా కష్టమైన కొండ' అంటున్నారు గదా. ఆదివారం రండి. రాలేకపోతే ఆ ఫ్రేము దించుకుని పోలమ్మ ఇంటికి వెళ్లి, ఆమె ముందు నిలబడి, అందులో ఏం రాసుందో గట్టిగా చదవండి.