గ్రాఫిక్స్ కార్డుకి కొబ్బరికాయ

ఆ ఉదయం ఉమాకాంతం పథకం చాలా చిన్నది. స్నానం చేసి, టిఫిను తిని, కంప్యూటర్ ఆటలో హైవే మీద లారీ తోలాలి. పక్షవాతంతో కుడికాలు పట్టు తప్పాక డాక్టరు కారు జోలికి పోవద్దన్నాడు. జగ్గయ్యపేట ఇంటి ముందుగదిలో బల్లకు బిగించిన ప్లాస్టిక్ స్టీరింగే ఆయనకు మిగిలిన బండి. అందులో ఎన్నిసార్లు గుద్దినా ఎవరూ చావరు. కానీ మలుపు రాగానే బొమ్మ ఆగిపోయి ప్రాణం తీసేది. అందుకే ముందురోజు నందిగామ దాకా బస్సులో వెళ్లి, దేవరాజ్ షాపులో కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి బిగించుకున్నాడు.

ఆయన స్నానానికి వెళ్లగానే భార్య ప్రసూనాంబ పళ్లెంతో వచ్చింది. కొత్త కారుకు పూజ చేయించకపోబట్టే ఆయనకు కాలు పడిపోయిందని ఆమె నమ్మకం. ఈసారి ఆ తప్పు జరగనివ్వదలచుకోలేదు. స్టీరింగుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు కంప్యూటర్ పెట్టె మీద చిలకరించింది. ఆమెది ధారాళమైన చెయ్యి. పైన పడ్డవి చెంగుతో తుడిచింది, లోపలికి దిగినవి దిగాయి.

ఉమాకాంతం వచ్చి స్విచ్ వేయగానే ఠప్పుమంది. ఇంట్లో కరెంటు పోయి, పెట్టెలోంచి పొగ లేచింది.

"చూసారా, ఎంత దిష్టో! మొత్తం పోయిందండీ!" అని సంబరపడింది ప్రసూనాంబ.

పొగ చూసి పక్కింటి నవీన్‌బాబు బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. "ఆగవయ్యా!" అని ఉమాకాంతం అనేలోపే బకెట్ ఖాళీ చేశాడు. మానిటరు కూడా తడిసి ముద్దయింది.

ఉమాకాంతం దేవరాజ్‌కి ఫోన్ చేసి మండిపడ్డాడు. "ఏం కార్డిచ్చావయ్యా? పెట్టగానే కాలిపోయింది!"

"పెట్టెతో సహా తీసుకురండి సార్, చూస్తా."

"ఆయన్నేమీ అనకండి," అంది ప్రసూనాంబ సన్నగా. "పూజ చేసి కొబ్బరినీళ్లు చల్లా."

ఉమాకాంతం తిట్టలేదు. కుర్చీలో కూలబడి ఏడ్చాడు. "ఉన్న ఒక్క స్టీరింగూ పోయిందే. ఇంక మూల కూర్చోవడమేగా నా బతుకు."

ప్రసూనాంబ లోపలికెళ్లి కారు తాళాలు తెచ్చింది. "లేవండి, నందిగామ వెళ్దాం. నేను తోలతా."

"నువ్వా?"

"మీరు మధ్యాహ్నం పడుకున్నప్పుడు డ్రైవింగ్ స్కూలుకెళ్లి నేర్చుకున్నా. లైసెన్సు కూడా వచ్చింది. మీరు బాధపడతారని చెప్పలా."

నీళ్లోడుతున్న పెట్టెను వెనక సీట్లో పెట్టి బయలుదేరారు. హైవే ఎక్కాక ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. "బ్రేకు! బ్రేకు!" అని అరుస్తూ ఉమాకాంతం కాళ్లకింది మ్యాటును తొక్కేశాడు. ప్రసూనాంబ కారు పక్కకు తీసి, లారీని దాటించింది.

పక్క సీటుకు బ్రేకు ఉండదన్న సంగతి, ముప్ఫై ఏళ్లు కారు తోలిన మనిషికి ఆ రోజే తెలిసింది.