హలీమా ఇంటి నానో పొయ్యి

నార్కట్‌పల్లి చౌరస్తాలో మంత్రిగారు మైకు అందుకుని, ఆ రోజు నుంచి జిల్లాలో పొగ రద్దయిందని ప్రకటించారు. అప్పుడే నాలుగు లారీలు నల్లగా పొగ వదులుతూ పోయాయి గానీ, అవి పక్క జిల్లావి. అది తొంభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం.

పొగ రాని పొయ్యిల పథకం కింద మొదటి నానో సిరామిక్ పొయ్యి హలీమా బీకి దక్కింది. బస్టాండులో జొన్నరొట్టెలు అమ్ముకుని బతికే మనిషి. పొయ్యిల ఆఫీసరు గుర్వయ్యగారు స్వయంగా దగ్గరుండి ఆమె మట్టిపొయ్యి పగలగొట్టించి, ఆ జాగాలో పాలలాంటి తెల్లని పొయ్యి పెట్టించారు. నలుగురు మోశారు.

"నానో అంటే ఏంది సార్?"

"కంటికి కానరానంత సన్నదమ్మా."

"మరి గింత బరువేంది?"

"గదే టెక్నాలజీ."

"జర ముట్టియ్యమంటరా?"

గుర్వయ్యగారు ఉలిక్కిపడ్డారు. "ముట్టిస్తే నల్లగైతది! హైదరాబాద్ సైంటిస్టు వచ్చి చూసేదాక అగ్గిపెట్టె గూడ దగ్గరికి తేవద్దు."

హలీమా వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుంది. గాలికి రొట్టెలు ఒక పక్క మాడేవి, ఒక పక్క పచ్చిగా ఉండేవి. వానలు పడితే ఆ బేరమూ బంద్. సైంటిస్టు రాలేదు, మబ్బులు వచ్చాయి. ఆ ఇంట్లో ప్రభుత్వ పథకాన్ని వినియోగించుకున్నది ఆమె కోడి ఒక్కటే. నాలుగు రోజులుగా పొయ్యిలో పది గుడ్లు పొదుగుతోంది.

తొలివాన నాడు జీపు వచ్చింది. చప్పుడు వినగానే హలీమా కోడినీ గుడ్లనూ గంపలోకి మార్చింది. గుర్వయ్యగారి వెంట దిగిన సైంటిస్టు పొయ్యిలో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"వెచ్చగా ఉందే! ఎప్పుడు ముట్టించారమ్మా?"

"ముట్టియ్యనే లేదు సార్. రెండు నెలలాయె. గీ సారే ఒద్దన్నడు."

సైంటిస్టు గుర్వయ్యగారి వైపు చూశాడు. గుర్వయ్యగారు వినయంగా తల వంచారు.

"నానో, సార్."

ఇంధనం సున్నా, పొగ సున్నా, వేడి ఉంది అని రిపోర్టు తయారైంది. పొయ్యిని అప్పటికప్పుడే హైదరాబాద్ ఎగ్జిబిషన్‌కు ఎక్కించారు. జీపు మలుపు తిరగకముందే హలీమా మట్టి పిసకడం మొదలుపెట్టింది.

వారానికి గుర్వయ్యగారు చెమటలు కక్కుతూ వచ్చారు. "హలీమమ్మా, పొయ్యి సల్లబడ్డది! రేపు ఢిల్లీ మంత్రి చెయ్యి పెట్టి చూస్తడు. నువ్వేం జేస్తుంటివో చెప్పు తల్లీ, నా నౌకరీ పోతది."

హలీమా పొగకు కళ్లు తుడుచుకుంటూ లేచి గంప తెచ్చింది.

"గీ కోడిని అండ్ల కూసోబెట్టుండ్రి. గుడ్లు గూడ పెట్టాలె సార్, ఉత్తగ కూసోదు. పొయ్యి మాత్రం మల్ల తేకుండ్రి."

మూడు రోజుల తర్వాత రొట్టెలు చుట్టే కాగితంలో ఆమెకు ఫొటో కనబడింది. తెల్ల పొయ్యి పక్కన ఢిల్లీ మంత్రిగారు నవ్వుతూ నిలబడ్డారు. వేడి అద్భుతమని, దేశమంతటా పెట్టిస్తామని కింద అచ్చయింది.

ఆయన చూపుడువేలికి కట్టు ఉంది.