షెడ్డు దాటని కారుకు బోనస్

వాహన బీమాను మించిన వరం మనిషికి మరొకటి లేదు! చక్రం కనిపెట్టినవాణ్ణి మనం అనవసరంగా పొగుడుతున్నాం. అతను చేసిందల్లా చక్రాన్ని దొర్లించడం. గుండ్రంగా ఉన్నదాన్ని దొర్లించడంలో గొప్పేముంది? బీమా కనిపెట్టినవాడు దాన్ని ఆపాడు. ఆగిన చక్రం కింద కోడిపిల్ల కూడా పడదు గదా!

ఈ సత్యాన్ని నందిగామలో అందరికన్నా ముందు గ్రహించిన మహానుభావుడు భవానీప్రసాద్. ఆయనది పత్తి వ్యాపారం. ఎనభై ఒకటిలో ధర బాగా పలికిన సీజను చివర, జగ్గయ్యపేట నుంచి బదిలీ అయిపోతున్న ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరు దగ్గర తెల్ల అంబాసిడర్ కొన్నాడు.

కారు కొనడానికి ఆయనకు పట్టింది ఒక పూట. దానికి ఇన్సూరెన్స్ కంపెనీని ఎంచుకోవడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఎంపికంటే మాటలా? దేశంలో ఉన్నవి నాలుగు కంపెనీలు. నాలుగూ ప్రభుత్వానివే. నాలుగింటి రేటూ ఒకటే, ఫారాలూ ఒకటే, షరతులూ ఒకటే, ఆ షరతులు అర్థం కాకపోవడం కూడా ఒకటే. తేడా ఉన్నచోట ఎంచుకోవడం ఎవడికైనా చేతనవుతుంది. తేడా లేనిచోట ఎంచుకోవాలంటే బుర్ర కావాలి!

భవానీప్రసాద్ నాలుగు కంపెనీల క్యాలెండర్లనూ వరండాలో వరసగా తగిలించాడు. మొదటిదాంట్లో లక్ష్మీదేవికి అచ్చులో మెల్లకన్ను వచ్చింది. అలాంటి కంపెనీకి కారు ఎలా అప్పగిస్తాం? రెండోదాంట్లో తిథులు లేవు. వర్జ్యం చెప్పలేనివాళ్లు ప్రమాదం నుంచి ఏం కాపాడతారు? మూడోది గాలి వస్తే చుట్టుకుపోతోంది. నాలుగోది సర్కారు బడిలో హిందీ చెప్పే ఆశీర్వాదం మాస్టారు తెచ్చిచ్చిన క్యాలెండరు. దాంట్లో తిథులున్నాయి, వర్జ్యాలున్నాయి, పైగా దానితో ప్లాస్టిక్ అట్ట డైరీ ఉంది.

“ఇంకో డైరీ ఇస్తే ఇప్పుడే ఖాయం చేస్తా మాస్టారూ,” అన్నాడు భవానీప్రసాద్.

“మా ఇంట్లో ఒకటుందండి. మా ఆవిడ చాకలి పద్దు రాస్తంది. రెండు పేజీలే పోయినయ్. తెచ్చేదా?”

“తెండి, ఆ రెండూ చింపేసుకుంటా.”

ఇంతటి లోతైన పరిశీలన తర్వాత కంపెనీ ఖరారైంది.

ఇక్కడ పాఠకులు ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. ఏజెన్సీ ఆశీర్వాదం పేరున లేదు. సర్కారు బడి టీచరు ఇలాంటి పనులు చేయకూడదు గనక ఆయన భార్య జీవరత్నం పేరున ఉంది. ఊరంతా తిరగడం, మాట్లాడటం, డైరీలు పంచడం మాస్టారి పని. ఆయన చూపించినచోట సంతకం పెట్టడం ఆవిడ పని.

కారు కూడా భవానీప్రసాద్ పేరున లేదు. రేపు అప్పులవాళ్లు వచ్చినా, ఇన్‌కంటాక్సువాళ్లు వచ్చినా వాళ్ల చేతికి ఏదీ దొరకకూడదని ఆయన ముందుచూపు. అందుకని ఇల్లు, బస్టాండు వెనక స్థలం, చందర్లపాడులో మూడెకరాలు, ఇప్పుడు కారు, అన్నీ భార్య భారతీదేవి పేరునే పెట్టాడు. కాగితాల ప్రకారం ఆవిడ ఒక చిన్న జమీందారిణి. పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేసి, మళ్లీ వెళ్లి పొయ్యి మీద పులుసు చూసుకునేది.

ఏడాది తిరిగింది. రెన్యూవల్‌కి వచ్చిన మాస్టారు ఒక మంత్రం చెప్పాడు.

“ఏడాదిలో ఒక్క క్లెయిమూ చెయ్యలేదు గదండీ, మీకు నో క్లెయిమ్ బోనస్! కట్టేదాంట్లో కొంత తగ్గిస్తారు. వచ్చే ఏడూ చెయ్యకపోతే ఇంకాస్త తగ్గిద్ది.”

“చేస్తే?”

“మొత్తం పోయిద్దండి. మళ్లా మొదటికే!”

ఆ క్షణం నుంచి భవానీప్రసాద్ కారును మర్చిపోయాడు. బోనస్‌ను కాపాడటం మొదలుపెట్టాడు. వానాకాలం కారు తీయకూడదు, జారుతుంది. ఎండాకాలం తీయకూడదు, టైరు పేలుతుంది. చందర్లపాడు రోడ్డు మీద గేదెలు. హైదరాబాదు రోడ్డు మీద సిమెంటు లారీలు. పెళ్లిళ్ల రోజుల్లో తాగి నడిపేవాళ్లు. మిగిలినవాటిలో మంచి రోజు చూడాలి. ఆ రోజు దొరికితే పెట్రోలు ఉండదు.

డ్రైవరు బుడే సాహెబ్ పదేళ్లు లారీ నడిపి వచ్చినవాడు. ఇప్పుడతని ఉద్యోగం రోజూ కారు కడిగి, ఇంజను ఐదు నిమిషాలు స్టార్టు చేసి, ఆపేయడం.

“అయ్యగారూ, నాకు గేర్లు వేయడం మరుపొచ్చేట్టుందండి,” అని ఒకరోజు మొరపెట్టుకున్నాడు.

“మర్చిపో! గేరు వెయ్యనోడు దేన్నీ గుద్దడు.”

నవ్వకండి! మూడేళ్లలో ఆ కారు ఒక్క మనిషిని గీరలేదు. ఒక్క మేకను బెదిరించలేదు. దేశంలో కార్లన్నిటికీ ఇంత క్రమశిక్షణ ఉంటే ఎముకల డాక్టర్లు అడుక్కుతినరా?

అసలు పరీక్ష నాలుగో ఏటి చివర వచ్చింది. ఒక గాలివానకు షెడ్డు కప్పు మీది పెంకు జారి కారు మీద పడింది. వెనక దీపం అద్దం పగిలింది, డిక్కీ సొట్టపోయింది. అది కంపెనీ ఇవ్వాల్సిన సొమ్మే. అందుకేగా ఏటా కడుతున్నది? కానీ భవానీప్రసాద్ అటూ ఇటూ చూసి, “ఇది మాస్టారి చెవిన పడ్డదంటే చూడండి!” అని ఇంట్లో అందరినీ హెచ్చరించాడు. పగిలిన దీపానికి గాలిపటం ఎర్ర కాగితం తెచ్చి స్వయంగా అతికించాడు. తనకు జరిగిన నష్టాన్ని కంపెనీకి తెలియనివ్వకుండా కంపెనీ తరఫున దాచిపెట్టే ఇలాంటి ఖాతాదారును ఏ కంపెనీ కళ్లకద్దుకోదు?

ఇంత ప్రశాంతమైన కథలో భారతీదేవి ఒక్కతే సుఖంగా లేదు.

ఆవిడ చెల్లెలు బసవమ్మను జగ్గయ్యపేటలో ఇచ్చారు. కారు కొన్న ఏడే బసవమ్మ గృహప్రవేశానికి భారతీదేవి ఎర్రబస్సులో వెళ్లింది. నిలబడి నిలబడి, పట్టుచీర నలిగి, ఎవరిదో గంపలో కోళ్ల మధ్య కాళ్లు ఇరికించుకుని దిగింది. చెల్లెలి అత్తగారు సుబ్బమ్మ గుమ్మంలోనే అడిగింది.

“కారు కొన్నారంటగా అమ్మాయ్, ఏదీ?”

“వెనకాల వస్తందండి,” అంది భారతీదేవి. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

ఆ మాటకు మూడేళ్లు నిండాయి. నందిగామ మనిషి కనబడితే చాలు, సుబ్బమ్మ ఆపి, “మా భారతి కారు దారిలో చిల్లకల్లన్నా దాటిందా?” అని అడిగేది. ఊళ్లో నవ్వుకునేవాళ్లు. భారతీదేవి మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. అక్కడ బసవమ్మ కూతురు ఉంది. ఆడపిల్లలు లేని భారతీదేవికి ఆ పిల్లంటే ప్రాణం. పిల్ల ముఖం చూసి మూడేళ్లయింది.

ఇప్పుడా పిల్లకు ఓణీలు. పెద్దమ్మ తెచ్చిన ఓణీయే వేసుకుంటానని కబురు పెట్టింది.

“కారులో తీసుకెళ్తేనే వెళ్తానండీ,” అంది భారతీదేవి. “ఆవిడ ముందు ఇంకోసారి బస్సు దిగలేను.”

“రెన్యూవల్ ఇంక ఇరవై రోజులుంది. బోనస్ నాలుగో ఏట పడబోతా ఉంటే కారు రోడ్డెక్కిస్తారా ఎవరన్నా? టాక్సీ మాట్లాడతా, దర్జాగా పో!”

“షెడ్లో కారు పెట్టుకుని అద్దె కార్లోనా?”

“దెబ్బ తగిలితే టాక్సీవాడి బోనస్ పోయిద్ది. మనకేం?”

ఎంత దయగల మాట! అయినా భారతీదేవి కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. ఆడవాళ్లకు ఇన్సూరెన్స్ సూత్రాలు బోధపడవు.

మర్నాడు భవానీప్రసాద్ పత్తి చూడటానికి చందర్లపాడు వెళ్లాడు, బస్సులో. భారతీదేవి ఓణీ తీద్దామని బీరువా తెరిచింది. బట్టల కింద పాలసీ కాగితం కనిపించింది. నాలుగుసార్లు సంతకం పెట్టిన వ్యవహారమే గానీ, చదవడం ఇదే మొదలు. చదివి, వాకిట్లోకి వచ్చింది.

“బుడే సాహెబూ, ఈ కారు ఎవరిది?”

“అయ్యగారిది గదమ్మా.”

“కాదంట. నాదంట.”

బుడే సాహెబ్ తడిగుడ్డతో వెనక డోరు ఇంకోసారి తుడిచాడు. ఆవిడ చెప్పులేసుకుని తిన్నగా ఆశీర్వాదం మాస్టారింటికి నడిచింది. మాస్టారు బడికి పోయాడు. జీవరత్నం వరండాలో బియ్యం చెరుగుతోంది.

“ఇన్సూరెన్స్ ఏజెంటు మీరేగా?” అంది భారతీదేవి.

జీవరత్నం వెనక్కి తిరిగి చూసింది, వెనకెవరన్నా ఉన్నారేమోనని. తర్వాత చేట కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

“అవునండి,” అంది మెల్లగా. “నేనే.”

“ఓనర్ని నేను. క్లెయిమ్ రాయాలి.”

ఫారాలు మంచం కింద ట్రంకుపెట్టెలో, మిగిలిపోయిన క్యాలెండర్ల అడుగున దొరికాయి. ఇద్దరూ కూర్చుని, పెన్ను మార్చుకుంటూ నింపారు.

“ప్రమాదం జరిగిన స్థలం ఎక్కడని రాయమంటారు?”

“షెడ్డు.”

“అప్పుడు బండి వేగం?”

“మూడేళ్లుగా ఎంతుందో అంతే,” అంది భారతీదేవి. జీవరత్నం నవ్వి, సున్నా వేసింది.

మెకానిక్ చేత నూట ఎనభై రూపాయల అంచనా రాయించి, సాయంత్రం లోపల బెజవాడ ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపేశారు.

భవానీప్రసాద్ ఇల్లు చేరేసరికి మాస్టారు సైకిలు మీద రొప్పుతూ వచ్చి నిలబడ్డాడు.

“ఘోరం జరిగిందండీ! మా ఏజెంటు నా మాట వినలా!”

సంగతి విని భవానీప్రసాద్ భార్యను కేకేశాడు. “నీకేమన్నా మతి పోయిందా? నూట ఎనభై కోసం మూడేళ్ల బోనస్ తగలేస్తావా?”

“నూట ఎనభై కోసం కాదండీ, బోనస్‌ని తగలెయ్యడానికే,” అంది భారతీదేవి. “అది ఉన్నంతకాలం కారు కదలదుగా. ఇప్పుడిక దాచేదేముంది? రేపు ఏడింటికి బయల్దేరతా.”

“మాస్టారూ! క్లెయిమ్ వెనక్కి తీసుకుందాం, ఫారం ఇవ్వండి!”

“తీసుకోవచ్చండీ,” అన్నాడు ఆశీర్వాదం. “ఓనరు సంతకం కావాలి.”

భవానీప్రసాద్ భార్య వంక చూశాడు. అలవాటుగా పెన్సిలు తీయబోయి, జేబులోంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తెల్లారి అంబాసిడర్ రోడ్డెక్కింది. వెనక సీట్లో ఓనరు, పక్కన ఏజెంటు. వాళ్లు రమ్మన్నారు గనక భవానీప్రసాద్ ముందు సీట్లో కూర్చుని, ఎదురొచ్చిన ప్రతి లారీకీ దణ్ణం పెట్టాడు. బుడే సాహెబ్ ఒక్క గేరూ మర్చిపోలేదు. నవాబుపేట దాటింది, చిల్లకల్లు దాటింది, బసవమ్మ ఇంటిముందు హారన్ కొట్టి మరీ ఆగింది. డోరు పూర్తిగా తీయకముందే పిల్ల వచ్చి పెద్దమ్మ ఒళ్లో పడింది. భారతీదేవికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

సుబ్బమ్మ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెనక ఆగింది. “ఇదేంటమ్మాయ్, దీపానికి కాగితం?”

“క్లెయిమ్‌లో ఉందండి,” అంది భారతీదేవి దర్జాగా. అదేమిటో సుబ్బమ్మకు తెలియదు. తెలియదని చెప్పడం ఇష్టం లేక, “మంచిది, మంచిది,” అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, ఏ కంపెనీ మంచిదని వీధులు పట్టుకు తిరగకండి. నాలుగూ మంచివే. క్లెయిమ్ సొమ్ము కూడా వచ్చింది, నెలన్నరలో, భారతీదేవి పేరున చెక్కు రూపంలో. చిక్కల్లా అక్కడే వచ్చింది. దాన్ని మార్చుకోవడానికి ఆవిడకు బ్యాంకు ఖాతా లేదు. ఇల్లు ఆవిడ పేరున పెట్టిన మనిషికి, స్థలం, పొలం, కారు పెట్టిన మనిషికి, ఆ ఒక్కటి మాత్రం ఇన్నేళ్లలో పెట్టాలని ఎందుకు తోచలేదంటారా? పెడితే, డబ్బు తీయాలన్నప్పుడల్లా ఆవిడను అడగాలి మరి!